మూతల్లో పట్టనివి

గోల్‌మురి

చి. మాధవికి,


నువ్వు పంపిన నమూనా బొమ్మ చూశాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మన పెరటి మట్టి కవర్లో కట్టుకెళ్ళావే, అందులోని సూక్ష్మజీవుల్ని డబ్బా మూతల్లో దారాలతో కుట్టి కాలేజీ ప్రదర్శనలో పెడతానన్నావు. మూతల ఆలోచన బాగుంది. 1922 నుంచి టిన్‌ప్లేటు తీస్తున్న ఊరి మట్టికి డబ్బా మూత కంటే తగిన చట్రం ఏముంటుంది! కానీ మూతకో వింత ఆకారం, ఆకారానికో రంగు వేసి దాన్నే వైవిధ్యం అంటున్నావు చూడు, అక్కడే నాకు పేచీ.

మట్టిలో బాక్టీరియాని మైక్రోస్కోపు కింద పెట్టి చూడు. చాలామటుకు చిన్న కడ్డీలు, చుక్కలు, అంతే. ఇక్కడి కంపెనీ క్వార్టర్లు బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి కదా, లోపల ఒకరిది చింతపండు పులుసు, ఒకరిది ఆవనూనె చేప, ఒకరిది లిట్టీ. వీటిదీ అదే వరస. తేడా అంతా ఏం తింటాయి, ఏం వదులుతాయి అన్న దాంట్లో ఉంది.

అందుకని ఆకారాలు పక్కన పెట్టి పనులు కుట్టు. నత్రజనితో మొదలుపెట్టు. కుళ్ళిన ఆకుల్లోంచి అమ్మోనియా వస్తుంది. నైట్రోసోమోనాస్ దాన్ని నైట్రైటు చేసి వదిలేస్తుంది. నైట్రోబాక్టర్ అది అందుకుని నైట్రేటు చేస్తుంది. వేళ్ళు పీల్చుకునేవాటిలో అది ముఖ్యం. ఈ పని రెండు అంచెల్లో, వేరు వేరు జీవుల చేతుల మీదుగా జరుగుతుందని 1890 ప్రాంతంలో తేల్చినవాడు రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ. నేలలో నీళ్ళు నిలిచి గాలి అందకపోతే ఇంకో గుంపు దిగి, ఆ నైట్రేటుని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది. వీటన్నిటికీ ఒకే పొట్టి టాకా వెయ్యి. ఒకటి విడిచిన కొస దగ్గర రెండోది మొదలవాలి, రంగు అక్కడే మారాలి. అన్నట్టు, రెండు అంచెలూ ఒక్కటే చేసుకునే జీవి కూడా ఉందని 2015లో బయటపడింది. దానికి రంగు మారని దారం ఒకటి నడిపించు. తెలిసినవాళ్ళు చూసి నవ్వుకుంటారు.

ఒక్క మూత మాత్రం బంగారు పట్టుదారంతో నింపమంటాను. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ళ పొలం మట్టిలో పసిడి రంగు పూసే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా ఒకటి దొరికింది. దాన్ని పట్టుకున్నది డగ్గర్ అనే పెద్దాయన. ఆయన పనిచేసిన లెడర్లీ పరిశోధనశాలకి డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దాన్నించి తీసిన మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. తొలకరి చినుకు పడగానే మట్టి వాసన వస్తుందే, అదీ చాలావరకు ఈ స్ట్రెప్టోమైసిస్ కుటుంబం చలవే. ఇవి బీజాల్ని గొలుసుల్లా కడతాయి కనుక ఇక్కడ గొలుసు కుట్టు వెయ్యి. ఈ ఒక్కచోట ఆకారం చూపించినా నేనేమీ అనను.

ఇక అసలు సంగతి. నీ మూత పెట్రీ పళ్ళెంలా ఉందని మురిసిపోయావు. 1887లో పెట్రీ ఆ పళ్ళెం చేసినప్పటి నుంచి అందులో పెరిగినవాటి గురించే మనకి ఎక్కువ తెలిసింది. మట్టిలో ఉన్న బాక్టీరియాలో మామూలుగా పళ్ళెంలో పెరిగేవి నూటికి ఒకటి కూడా ఉండవంటారు. మిగతావి ఉన్నాయని వాటి డీఎన్‌ఏ ద్వారానే తెలుస్తోంది. అంచేత మూతలు నాలుగైదు చాలు, అవీ ఒక మూలకి. వెనక గుడ్డ పెద్దది పెట్టి, దాని నిండా గుడ్డ రంగు దారంతోనే టాకాలు వెయ్యి. దూరంగా నిలబడితే ఏమీ కనపడకూడదు, దగ్గరికొచ్చి వేలితో తడిమితే తెలియాలి. చెయ్యి నొప్పెడుతుంది, తప్పదు. తాకవచ్చునని అక్కడ రాసిపెట్టడం మరిచిపోకు.

గుడ్డకి కొన్న రంగు వెయ్యకు. హజారీబాగ్ వైపు సోహ్రాయ్ గోడబొమ్మలు వేసే ఆడవాళ్ళవన్నీ మట్టి రంగులే. నువ్వూ జేగురు నీళ్ళలో ముంచు. కింది సగం మాత్రం బూడిద రంగులో ఉండాలి. ఇక్కడి నేల ఎరుపు ఇనుముది. వరిమడిలో నీళ్ళు నిలిచాక, గాలి లేకుండా బతికే బాక్టీరియా ఆ ఇనుము రూపం మార్చేస్తుంది, ఎరుపు పోయి మట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ రంగు మార్పే వాటి చేతిపని.

పక్కన చీటీ పెట్టి ఎక్కడి మట్టి, ఎంత లోతుది, ఏ నెలలో తీసినది రాయి. 'గోల్‌మురి మట్టి' అని మాత్రం రాయకు. మీ తాతయ్య ఆ పెరట్లో ఏళ్ళ తరబడి సున్నం, పేడ కలుపుతూనే ఉన్నారు. సున్నం పడని ఇక్కడి మెట్ట ఎర్రనేలకి ఆమ్ల గుణం ఎక్కువ. అలాంటి చోట బాక్టీరియా రకాలు తగ్గి, బూజులు నెగ్గుకొస్తాయి. మన గోడ అవతల ఖాళీ స్థలంలో తవ్వితే వేరే జనాభా కనపడుతుంది. అది కూడా పక్కన పెట్టి చూపిస్తానంటే ఉత్తరం రాయి, ఓ పిడికెడు తవ్వించి పంపుతాను. తవ్వేది తాతయ్యే, సున్నం సంచీ మాత్రం ముందే దాచేస్తాను.

అమ్మమ్మ