యూనిఫాం రంగు బడి ఇష్టం, కొనే దుకాణం మీ ఇష్టం

ప్రశ్న: మాది నిజామాబాద్‌లోని కంఠేశ్వర్. మా బాబును ఈ ఏడాది ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో చేర్చాం. యూనిఫాం రెండు జతలు, బెల్టు, టై, బూట్లు అన్నీ బడి కౌంటర్‌లోనే తీసుకోవాలన్నారు. అక్కడ కొన్న అంగీ మొదటి ఉతుకుకే రంగు దిగింది. తీసుకెళ్తే ‘అమ్మినవి వాపసు తీసుకోం’ అన్నారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద మొత్తం రాసిచ్చారు. రెండో జత బజారులో కొంటే బాబును క్లాసులో కూర్చోనివ్వరేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ భయం సంగతి. యూనిఫాం కారణంగా పిల్లవాణ్ని ఎండలో నిలబెట్టినా, నలుగురిలో అవమానించినా అది నేరుగా చట్ట ఉల్లంఘన. విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17 పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పెద్దల మధ్య డబ్బు పేచీకి ఆరేళ్ల పిల్లవాడు శిక్ష అనుభవించకూడదు. అలా జరిగితే ఆ రోజే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతిపై అందినట్టు సంతకం తీసుకోండి.

ఇక కొనుగోలు సంగతి. రంగు, నమూనా నిర్ణయించుకోవడం బడి ఇష్టం. ఫలానా చోటే కొనాలని తల్లిదండ్రులను ఒత్తిడి చేయడం మాత్రం తగదు. 2024 మే చివర్లో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి అక్కడి ప్రైవేటు బడుల ఆవరణల్లో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని ఆదేశించారు. పుస్తకాలు, నోటుబుక్కులు అమ్మితే లాభాపేక్ష లేకుండా అమ్మాలని కోర్టు ఉత్తర్వులను గుర్తుచేశారు. మీ ఫిర్యాదులో ఈ ఆదేశాన్ని ఉదాహరణగా చూపవచ్చు. ఢిల్లీ ప్రభుత్వం 2022లో ఇంకా ముందుకెళ్లింది. దగ్గర్లో యూనిఫాం దొరికే కనీసం అయిదు దుకాణాల వివరాలు బడి ప్రకటించాలని, మూడేళ్లపాటు యూనిఫాం మార్చరాదని చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో 2018 ఫీజుల చట్టం ప్రకారం ఆ గడువు అయిదేళ్లు. తెలంగాణ తల్లిదండ్రులకూ ఇంత స్పష్టమైన రక్షణ కావాలి.

ఎందుకంటే మన దగ్గర జూన్ నెల మామూలు నెల కాదు. బడి ఫీజు, పుస్తకాలు, వానాకాలం విత్తనాలు, ఎరువులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడి నెల జీతం పోయిన బోధన్, శక్కర్‌నగర్ ఇళ్లకు ఒక జత బట్టల మీద అదనంగా పడే మూడు వందలు చిన్న మొత్తం కాదు.

మీ అంగీ విషయంలో చట్టం సూటిగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వాపసు తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడమూ అంతే. గోడ మీద ‘వాపసు తీసుకోబడదు’ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు.

ఒక తేడా గమనించండి. రంగు దిగడం, కుట్టు ఊడటం, గుడ్డ పిగలడం లోపాలు. సైజు సరిపోకపోవడం లోపం కాదు. దుకాణదారు మాట ఇచ్చి ఉంటేనే సైజు మార్పిడి గట్టిగా అడగగలరు. అందుకే చిన్నపిల్లలకు కొనేటప్పుడు వాళ్లను వెంట తీసుకెళ్లి, తొడిగి, చేతులు పైకెత్తించి, కింద కూర్చోబెట్టి చూడండి. లాగు అంచులో విప్పుకోవడానికి మడత ఉందేమో చూడండి. ‘ఇన్ని రోజుల్లో సైజు మారుస్తాం’ అని బిల్లు మీదే రాయించుకోండి. ఆ గడువు దాటేదాకా లేబుల్ కత్తిరించవద్దు. ప్యాకెట్‌పై ఎంఆర్‌పీ ఉంటే దానికి మించి ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు. పన్ను అందులోనే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. అంగీని అలాగే దాచి ఫొటోలు తీయండి. తెల్లకాగితమైనా ఆ రసీదు, ఫోన్‌పేలో డబ్బు పంపిన వివరం సాక్ష్యాలే. వాపసు కోరుతూ బడికి లేఖ ఇవ్వండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అవసరమైతే కమిషన్ గుడ్డను ల్యాబ్‌కు పంపిస్తుంది.

ఫిర్యాదును బట్టల అమ్మకానికే పరిమితం చేయండి. చదువు చెప్పడం ఈ చట్టం కింద ‘సేవ’ కాదని సుప్రీంకోర్టు 2010లో ఒక విశ్వవిద్యాలయం కేసులో చెప్పింది కాబట్టి ఫీజుల గొడవ కలిపితే అభ్యంతరం వస్తుంది. బడి ఒత్తిడిపై ఫిర్యాదును మండల విద్యాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి సంతకాలు చేస్తే ఒక్క పిల్లవాడి పేరు మీద కోపం పడదు.

ప్రభుత్వ బడి పిల్లలకు రెండు జతలు ఉచితం. వాటికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, ప్రధానోపాధ్యాయులను నిలదీయండి.

ఫిర్యాదు రాసుకోవడం కష్టమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలు సాయం ఉచితం. మూడు వందల కోసం ఇంత తిరగాలా అనుకోకండి. మీలాంటి నలుగురు అడిగితేనే వచ్చే జూన్‌లో ఆ కౌంటర్ దగ్గర మిగతా తల్లులకు సరైన బిల్లు దొరుకుతుంది.