కాలేయమున పేరుకొను క్రొవ్వు: దానిని తగ్గించు ఆహార నియమము

మన దేహమందలి అవయవములలో కాలేయము మిక్కిలి పనిగలది, మిక్కిలి ఓర్పుగలది. అది కుడివైపు ప్రక్కటెముకల క్రింద నుండును. పెద్దవారియందు దాని తూకము ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాము. మనము భుజించిన ఆహారము జీర్ణమై రక్తములో కలిసినపుడు అందులో చాలభాగము మొట్టమొదట చేరునది కాలేయమునకే. అది చక్కెరను నిలువచేయును, పైత్యరసమును పుట్టించును, విషపదార్థములను విరుచును, గాయమైనపుడు నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన మాంసకృత్తులను సిద్ధపరచును. ఇన్ని పనులు చేయుచును అది తన బాధను త్వరగా తెలుపదు. ఇందుచేతనే దానికి కలుగు రోగములలో నొకటి మన యిండ్లలో చప్పుడు లేక పెరుగుచున్నది. వైద్యులు దానిని ఫ్యాటీ లివర్ అందురు; కాలేయమున క్రొవ్వు పేరుకొనుట యని అర్థము. దాని పుట్టుకను, దానిని ఆహారముచేతను నడకచేతను తగ్గించు విధమును ఈ పాఠమున విశదపరుప దలచితిమి.

రోగ స్వరూపము

ఆరోగ్యమైన కాలేయమునందును స్వల్పముగా క్రొవ్వుండును. అది నూటికి 5 వంతులు మించినపుడు రోగమని యెంచబడును. మొదట రోగికి ఏమియు తెలియదు. కొందరికి అలసటయు, కుడిప్రక్క కొంచెము బరువును తోచును. పలువురికి అదియు ఉండదు. వేరొక కారణముచేత కడుపునకు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొన్నప్పుడు ఈ సంగతి బయటపడుట సామాన్యము. కొందరియందు ఆ క్రొవ్వు వాపును కలిగించును. ఆ వాపు ఏండ్లతరబడి నిలిచినచో కాలేయమున మచ్చలు కట్టును. మచ్చలు పెరిగి కాలేయమంతయు గట్టిపడిన స్థితిని సిర్రోసిస్ అందురు. అప్పుడు కాలేయము తన పనులు చేయజాలదు. క్యాన్సరు పుట్టు భయమును కలదు. ఇదిగాక ఈ రోగము గలవారికి మధుమేహమును గుండెజబ్బును తరచుగా వచ్చును.

ఇది త్రాగుబోతుల రోగమని లోకులు తలతురు. మద్యము కాలేయమున క్రొవ్వు చేర్చుట నిజమే. కాని 1980వ సంవత్సరమున అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడగు లుడ్విగ్ గారు తన సహచరులతో గూడి, మద్యపానము చేయనివారి కాలేయములందును త్రాగుబోతుల కాలేయములందు కనబడు మార్పులే కలవని వివరించిరి. నాటినుండి దీనికి మద్యముతో సంబంధము లేదని తెలుపు పేరే వాడుకలో నుండెను. 2023వ సంవత్సరమున పలుదేశముల వైద్యులు ఆలోచించి, శరీరము చక్కెరను క్రొవ్వును వినియోగించుకొను క్రమము చెడుటయే దీనికి మూలమని తెలియునట్లు క్రొత్త పేరు పెట్టిరి.

మన ప్రాంతమునకు ఇది దూరపు మాట కాదు. 2025వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో, హైదరాబాదునందు కంప్యూటరు ఉద్యోగములు చేయు 345 మందిని పరీక్షింపగా, నూటికి 84 మంది కాలేయములందు క్రొవ్వు హెచ్చుగా నుండెను. వారు దినమున చాలభాగము కూర్చుండి పనిచేయువారు. నేడు మన తరగతి బల్లలమీద కూర్చున్న బాలబాలికలలో ఎందరో రేపు అట్టి కుర్చీలలో కూర్చుండువారే. కావున ఈ పాఠము పెద్దలకు మాత్రమే యని తలపరాదు.

ఆ క్రొవ్వు ఎక్కడనుండి వచ్చును?

"మా యింట మాంసము లేదు, నేయి కొంచెమే వాడుదుము; మాకు క్రొవ్వు ఎట్లు వచ్చును?" అని పలువురు అడుగుదురు. ఈ ప్రశ్నకు బాతు జాతికి చెందిన హంస యొకటి ఉత్తరము చెప్పగలదు. ప్రాచీన రోమకులు పెంపుడు హంసలకు అత్తిపండ్లను మితిమీరి మేపి, వాటి కాలేయములను బాగుగా ఉబ్బజేసి, విందులలో తినెడివారు. ఫ్రాన్సుదేశమున నేటికిని మొక్కజొన్నను బలవంతముగా మేపి అట్టి కాలేయములను తయారుచేయుదురు. అత్తిపండులో గాని మొక్కజొన్నలో గాని క్రొవ్వు బహుస్వల్పము. ఉన్నది తీపియు పిండియు మాత్రమే. మితిమీరిన ఆ తీపిని, ఆ పిండిని పక్షి కాలేయమే క్రొవ్వుగా మార్చి నిలువచేసికొనును.

మనుష్యుని కాలేయమును ఈ పని చేయగలదు. మనము తిన్న అన్నము చక్కెరగా విడివడి రక్తములో చేరగానే క్లోమము ఇన్సులినును విడుచును. దాని యాజ్ఞచే కాలేయము కొంత చక్కెరను గ్లైకోజన్ అను రూపమున దాచును. కాని ఆ కొట్టు చిన్నది. పెద్దవానియందు ఇంచుమించు 100 గ్రాములు మాత్రమే పట్టును. అది నిండిన పిమ్మట మిగిలినదానిలో కొంత క్రొవ్వుగా మారును. చక్కెరలో సగము ఫ్రక్టోజు అను తీపి; దానిని విరుచు భారము ముఖ్యముగా కాలేయముపైననే పడును. బెల్లము, తేనె, చెరకురసము అను వాటిలోను ఆ తీపి కలదు. బెల్లము దేశవాళీ వస్తువు గనుక కాలేయమునకు హాని చేయదనుట సరికాదు.

2005వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి రోగుల కాలేయములందలి క్రొవ్వును శోధించిరి. అందులో నూటికి 59 వంతులు శరీరమున ఇదివరకే నిలువయున్న క్రొవ్వు కరిగి రక్తముద్వారా వచ్చినది. 26 వంతులు కాలేయము తానే క్రొత్తగా తయారుచేసినది. భోజనమందలి క్రొవ్వునుండి తిన్నగా వచ్చినది 15 వంతులు మాత్రమే. కావున నూనెను మాత్రము తగ్గించి అన్నమును, తీపిని యథేచ్ఛగా భుజించువాడు రోగమూలమును తాకినవాడు కాడు.

ఎంత తగ్గిన మేలు కలుగును?

ఈ రోగమునందు మనకు ధైర్యము కలిగించు సంగతి యొకటి కలదు. కాలేయము తన్ను తాను బాగుచేసికొనగల అవయవము. శరీరపు బరువులో నూటికి 5 వంతులు తగ్గినచో కాలేయపు క్రొవ్వు తగ్గుట కనబడును. క్యూబాదేశపు రాజధానియగు హవానా నగరమున, వాపు పుట్టిన కాలేయములు గల 293 మందిని 52 వారములపాటు మితాహారమునందును వ్యాయామమునందును నిలిపిన పరిశోధన 2015లో ప్రకటింపబడినది. వారిలో శరీరపు బరువు నూటికి 10 వంతులు గాని అంతకుమించి గాని తగ్గినవారియందు నూటికి 90 మందికి ఆ వాపురోగము మానెను. నూటికి 45 మందికి మచ్చలును తగ్గెను. 80 కిలోల మనుష్యునికి 10 వంతులనగా 8 కిలోలు. ఆ మేరకు తగ్గగలిగినవారు కొలదిమందియే; అయినను తక్కువ తగ్గినవారికిని తగినంత మేలు కలిగెను.

త్వరపడి ఉపవాసములచే కృశించుట మంచిది కాదు. మిక్కిలి వేగముగా బరువు తగ్గినచో కాలేయపు వాపు హెచ్చవచ్చును. పిత్తాశయమున రాళ్లును పుట్టవచ్చును. వారమునకు అరకిలో మొదలు ఒక కిలో వరకు తగ్గుట చాలును. మధుమేహమునకు మందులు వాడువారు ఆహారమును తగ్గించుటకు ముందు వైద్యుని అడిగి తీరవలెను.

విస్తరి యెట్లుండవలెను?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఆహార నియమములను ప్రకటించిరి. దినమునకు 2000 కేలరీలు కావలసిన వానికి బియ్యము మొదలగు ధాన్యములన్నియు గలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో గూడిన కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు గాని పెరుగు గాని 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని అందు కలదు. ఇవి వండకముందటి తూకములు. మన వాడుకను దీనితో పోల్చినచో, విస్తరిలో అన్నము గుట్టగాను, కూర చిటికెడుగాను ఉండుట తెలియును. ఆ రెంటి స్థానములను మార్చుటయే ఈ చికిత్సలో మొదటి మెట్టు.

ఇందుకు దూరదేశపు వస్తువులు అక్కరలేదు. తోటకూర, గోంగూర, మునగాకు, బీరకాయ, పొట్లకాయ, చిక్కుడు మన పెరటివే. తెల్లబియ్యమునకు మారుగా ఒకపూట జొన్నరొట్టెయో, కొర్ర అన్నమో, దంపుడుబియ్యమో తినవచ్చును; వాటియందు పీచు హెచ్చు గనుక చక్కెర మెల్లగా రక్తమున చేరును. అయినను కొర్రలైనను రాగులైనను మితిమీరి తినరాదు. కంది, పెసర, ఉలవ, సెనగ, గ్రుడ్డు, చేప, వెన్న తీసిన మజ్జిగ అనువాటివలన మాంసకృత్తులు లభించును. అవి కడుపు నిండిన తృప్తిని నిలుపును. పండును కొరికి తినవలెను గాని రసము తీసి త్రాగరాదు. వనస్పతియు, మరల మరల కాచిన నూనెలో వేయించిన బజ్జీలును మానదగినవి. చక్కెర లేని కాఫీ త్రాగువారియందు కాలేయపు మచ్చలు తక్కువగా కనబడినవని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. కాని మూడు చెంచాల చక్కెర వేసిన కాఫీకి ఈ మాట వర్తింపదు. మద్యము ఈ రోగికి కొంచెమైనను తగదు.

బాలుర సంగతి

11 మొదలు 16 ఏండ్ల వయస్సు గలిగి ఈ రోగముచే బాధపడు 40 మంది బాలురపై అమెరికాలో జరిగిన పరిశోధన 2019లో వెలువడెను. అందు కొందరికి 8 వారములపాటు చక్కెర చేర్చిన పదార్థములు, తీపిపానీయములు, పండ్లరసములు దాదాపు లేని భోజనము పెట్టిరి. వారి కాలేయపు క్రొవ్వు నూటికి 25 వంతులనుండి 17 వంతులకు దిగెను. తమ వాడుక భోజనమునే తిన్న బాలురయందు అది 21 నుండి 20కి మాత్రమే తగ్గెను. ఇందు గమనింపదగిన విషయ మేమనగా, ఆ భోజనమును బాలునికి మాత్రమే గాక యింటివారందరికిని సమకూర్చిరి. ఇంటిలో తీపిడబ్బా నిండుగా నుంచి, పిల్లవానిని మాత్రము ముట్టవద్దని గద్దించుట వ్యర్థము. ఎదుగు పిల్లలను పస్తుంచుటయు తగదు. తీపిపానీయములను మాన్పించి, ఆటకు పంపినచో చాలును.

నడకయు, పసరుమందులును

కండలు పనిచేయునపుడు రక్తమందలి చక్కెరను అవి తీసికొనును. అప్పుడు కాలేయమునకు భారము తగ్గును. బరువు తగ్గకున్నను వ్యాయామముచేత కాలేయపు క్రొవ్వు కొంత తగ్గును. పెద్దలు వారమునకు 150 నిమిషములైనను వడిగా నడువవలెను. పిల్లలు దినమునకు ఒక గంట ఆడవలెను.

కాలేయమును శుభ్రపరచునని చెప్పి అమ్ముడగు చూర్ణములను, కషాయములను, పసరులను గూర్చి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చెట్టునుండి వచ్చినదెల్ల నిరపాయమని తలపరాదు. తిప్పతీగ కషాయము సేవించిన ఆరుగురికి కాలేయము దెబ్బతినిన వృత్తాంతమును ముంబయి వైద్యులు 2021లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. పసుపుసారము, తేయాకుసారము నింపిన గొట్టపు మాత్రలచేతను కొందరికి అట్టి హాని కలిగినది. కూరలో వేయు పసుపు వేరు, సారము తీసి మాత్రగా మ్రింగుట వేరు. మచ్చలు హెచ్చిన రోగులకొరకు 2024లో అమెరికా ప్రభుత్వము మొదటి ఔషధమునకు అనుమతి నిచ్చినది. దానినైనను ఆహార నియమముతోను వ్యాయామముతోను కూడ వాడవలెననియే విధించిరి. కన్నులు పచ్చబడినను, కాళ్లు గాని కడుపు గాని ఉబ్బినను, నెత్తురు వాంతియైనను ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పోవలెను.

ఇంటియొద్ద చేయవలసిన లెక్క

ఈ సంచికను చదివిన ప్రతి విద్యార్థియు ఒక లెక్క చేయవలెనని కోరుచున్నాము. మీ యింటికి నెలకు వచ్చు చక్కెర, బెల్లము ఎన్ని గ్రాములో కూడి, ఆ మొత్తమును ఇంటిలోని మనుష్యుల సంఖ్యచేతను, పిమ్మట 30 చేతను భాగింపుడు. అయిదుగురుండు ఇంట నెలకు 5 కిలోలు వాడినచో మనిషికి దినమునకు 33 గ్రాములు వచ్చును. 25 గ్రాములకు లోపుగా నుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో తెలిపిరి. నూనెకును ఇట్లే లెక్కకట్టి 27 గ్రాములతో పోల్చుడు. ఆ కాగితమును వంట చేయువారికిని, సరకులు తెచ్చువారికిని వినయముతో చూపుడు. మూడు నెలల పిమ్మట మరల లెక్కకట్టుడు.