పప్పు మానిపించే ముందు

1. ఎలర్జీ పరీక్ష రాసిచ్చే ముందు బిడ్డ కథంతా అడగాలి. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, తిన్న ఎంతసేపటికి దద్దుర్లు లేచాయి? పప్పుల ఎలర్జీ చాలామటుకు నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. పెదవి వాస్తుంది, ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, ఆయాసం. ఈరోజు దురదకి మొన్నటి సాంబారును తప్పుపట్టకండి.

2. చర్మ పరీక్షంటే భయం అక్కర్లేదు. ముంజేతి లోపలివైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కోచోట ఒక్కో పప్పు సారం చుక్క వేసి, సూదిమొనతో పైచర్మాన్ని అలా గుచ్చుతారు. రక్తం రాదు. పక్కనే ఒక ఉప్పునీటి చుక్క, ఒక హిస్టమిన్ చుక్క ఉండితీరాలి. 15–20 నిమిషాలకు ఉప్పునీటి చోటుకన్నా 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దు లేస్తే పాజిటివ్. హిస్టమిన్ దగ్గరే దద్దు లేవలేదా, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. ముందురోజు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్ర వేశారేమో అడగాలి. దాన్ని వారం ముందే ఆపాలి.

3. ఇన్నేళ్లుగా ఎక్కువసార్లు చెప్పింది ఈ మాటే: పాజిటివ్ వచ్చిందంటే ఒంట్లో ఆ పప్పుకి ఐజీఈ అనే యాంటీబాడీ తయారైందని అర్థం, అంతే. తింటే ఎలర్జీ వచ్చితీరుతుందని కాదు. వేరుశనగ, శనగ, కంది, పెసర అన్నీ ఒకే కుటుంబం, వాటి ప్రొటీన్లకు పోలికలుంటాయి. అందుకే వేరుశనగ పడని బిడ్డకు రక్తపరీక్షలో నాలుగైదు పప్పులు పాజిటివ్ చూపించవచ్చు. తింటే వాటిలో చాలావాటికి ఏమీ కాదు. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో పప్పు బంద్ చేస్తారు! మాంసం ముట్టని ఇంట్లో కందిపప్పూ, ఇడ్లీలో మినప్పప్పూ, చట్నీలో పుట్నాలూ తీసేస్తే బిడ్డకి ఇంకేం మిగిలింది? రోజూ తిని హాయిగా ఉన్న పప్పును కాగితం చూసి మానిపించకండి. మానిపిస్తే ఇన్నాళ్లూ పడ్డ పప్పు కూడా పడకుండా పోవచ్చు. 2015లో లండన్ నుంచి వచ్చిన లీప్ అధ్యయనం చూడండి. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పసివాళ్లకి ఏడాది నిండకముందే వేరుశనగ పెట్టడం మొదలుపెట్టి కొనసాగిస్తే, ఐదేళ్లకి ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గింది.

4. ఒక్క రక్తపు బొట్టుతో వంద పదార్థాలంటూ అమ్మే ఐజీజీ పరీక్షలకి డబ్బు పోయకండి. ఐజీజీ వేరే యాంటీబాడీ; అది ఉందంటే ఆ పదార్థం తిన్నారని మాత్రమే.

5. అనుమానం తీరకపోతే తేల్చేది తినిపించి చూడటమే. అది ఆసుపత్రిలోనే, అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని. ఇంట్లో వండినట్టే వండి తెమ్మంటాను. గోరంత పప్పుతో మొదలుపెట్టి, 20–30 నిమిషాలు ఆగి, ఏమీ లేకపోతే కొంచెం కొంచెంగా పెంచుతాం. చివరి ముద్ద తర్వాత కూడా రెండు గంటలు కదలనివ్వం. ఆ రెండు గంటలూ తల్లి ముఖం చూడలేం, అయినా తొందరపడకూడదు.

6. శనగల ఎలర్జీ నిజమని తేలితే బజ్జీ, పకోడీ, మైసూర్‌పాక్ అందరూ గుర్తుపెట్టుకుంటారు. హోటల్ చట్నీలో పుట్నాలు, కూర చిక్కబడటానికి కలిపే శనగపిండి మరిచిపోతారు. అడిగి తినండి.

7. ఆయాసం వచ్చినా, బిడ్డ వాలిపోయినా ముందు పడాల్సింది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ వేసి ఎదురుచూడకండి.