లేత్ మీద ఫిరంగి

ఎస్‌ఓఎం చదివినవాళ్లకి కాంపౌండ్ సిలిండర్ గుర్తుండే ఉంటుంది. ఒక గొట్టం మీద ఇంకో గొట్టాన్ని వేడిచేసి తొడగడం, అది చల్లారి బిగుసుకోవడం, లామే సూత్రాలు, చివర్లో ఓ పది మార్కుల లెక్క. నేనూ బట్టీ పట్టే పాసయ్యాను. ఆ గొట్టం దేనిదని మాత్రం ఎప్పుడూ అడగలేదు. జవాబు ఈమధ్య కొన్ని బొమ్మల్లో దొరికింది.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917లో, బ్రిటన్ ప్రభుత్వం 18 మంది చిత్రకారులచేత 66 లిథోగ్రాఫ్‌లు వేయించింది. ఉద్దేశం ప్రచారమే. లిథోగ్రాఫ్ అంటే రాతి అచ్చు: నున్నటి రాయి మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీసి, రాయిని తడిపి సిరా పూస్తారు. జిడ్డున్న చోటే సిరా అంటుతుంది. అందులో ఫిరంగుల తయారీ జార్జ్ క్లాసెన్ వంతుకొచ్చింది. కొలిమి, పెద్ద సుత్తి, క్రేన్, లేత్... మొత్తం ఆరు బొమ్మలు.

లేత్ బొమ్మ దగ్గర నేను ఆగిపోయాను. మన వర్క్‌షాపులో టర్నింగ్ చేసే జాబ్ చేతిలో ఇమిడిపోతుంది. అక్కడ జాబ్ ముందు మనిషే చిన్నవాడు. ఇంకో బొమ్మలో ఫిరంగి లోపలి గొట్టాన్ని పైకెత్తుతుంటారు. మన లెక్కలోది సరిగ్గా అదే! మందు పేలినప్పుడు హూప్ స్ట్రెస్ అన్నిటికంటే ఎక్కువగా పడేది లోపలి అంచు మీద. అందుకే బయట నుంచి దాన్ని ముందే నొక్కి ఉంచుతారు. వేడి గొట్టం తొడిగినా, ఉక్కు తీగ బిగించి చుట్టినా సూత్రం ఒకటే. పేలుడు ముందు ఆ నొక్కుడును దాటాలి, తర్వాతే గొట్టాన్ని చీల్చడం.

ఆరు బొమ్మలూ ఫ్యాక్టరీవే. గుండు ఎక్కడ పడుతుందో ఒక్కదానిలోనూ లేదు.

అలాగని క్లాసెన్‌కి తెలియక కాదు. ఆయన కూతురిని పెళ్లాడాల్సిన అబ్బాయి యుద్ధంలో చనిపోయాడు. 1916లో ఆయన వేసిన 'యూత్ మోర్నింగ్' చిత్రంలో ఒక యువతి సమాధి శిలువ ముందు కుప్పకూలి ఉంటుంది. ఆ చిత్రాన్నీ, ఈ అచ్చుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిరంగికి రెండు కొసలుంటాయి. రెండింటినీ గీసింది ఒకే చెయ్యి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే నెల ఆయుధాల విడిభాగాలు చేసే ఒక కంపెనీ మా ఫైనలియర్ వాళ్లకోసం వస్తోంది. ప్యాకేజీ బాగుంది, నా నెత్తిన ఎడ్యుకేషన్ లోనుంది. దేశానికి రక్షణ అక్కర్లేదని నేననను. వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఒక్కటి మాత్రం తేల్చుకున్నా: ఇంటర్వ్యూలో చేతికి డ్రాయింగ్ ఇస్తే, ఆ పార్టు దేనిలోకి వెళ్తుందో అడుగుతాను.

జూనియర్లూ, మీరు నా అంత ఆలస్యం చెయ్యకండి. ఎస్‌ఓఎం లెక్క దగ్గరే అడిగెయ్యండి.