నొప్పి తగ్గింది, రాయి పోలేదు

సమస్య

మాది బోధన్ దగ్గర పల్లె. మా మామ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీల పని చేసిండు. 2015ల అది బంద్ అయినంక చెరుకు ఏసుడు బంద్ పెట్టినం, మా ఆయన సౌదీ పోయిండు. రియాద్‌ల బిల్డింగ్ పని. పోయిన నెల నడుము పక్కన నొప్పి లేసి కింద పడి పొర్లిండట. ఆస్పత్రిల సూది ఇచ్చి స్కాన్ తీసిండ్రు. ఎడమ మూత్రనాళంల 11 మిల్లీమీటర్ల రాయి ఉంది, కిడ్నీ వాచింది అని రాసిన కాగితం వాట్సాప్‌ల పంపిండు. ఇప్పుడు నొప్పి లేదు. దసరాకు ఛుట్టి మీద వచ్చి హైదరాబాద్‌ల చేయించుకుంట అంటుండు. ఆపరేషన్ అంటే కంపెనీ ఇంటికి తోలుతదని భయం. అప్పు ఇంక తీరలేదు. మా అత్తమ్మ ఉలవలు, కొండపిండి ఆకు పంపుదాం అంటుంది. ఏం చేయాలె?

– ఒక సోదరి, బోధన్

సలహా

అమ్మా, ఆ కాగితంలో అందరి కళ్లూ 11 అనే అంకె మీద పడుతున్నాయి. చూడాల్సింది దాని పక్కనున్న మాట: కిడ్నీ వాచింది. నిజాంసాగర్ కాలువకు తూము దగ్గర అడ్డం పడితే నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు, నాళంలో రాయి ఇరుక్కుంటే మూత్రం కిడ్నీలోకి వెనక్కి తంతుంది. మొదటి రోజుల్లో ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. ఆ తర్వాత కిడ్నీ ఆ ఒత్తిడికి సర్దుకుంటుంది, నొప్పి తగ్గుతుంది. రాయి పడిపోయిందని చాలామంది ఊరుకునేది సరిగ్గా అప్పుడే. లోపల మాత్రం కిడ్నీ దెబ్బతింటూనే ఉంటుంది. వారాలు, నెలలు అలాగే గడిస్తే పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాదు.

కాబట్టి దసరా దాకా ఆగకూడదు.

నొప్పిని మందులతో అణచి రోజులు నెట్టుకొస్తే ఏమవుతుందో హైదరాబాద్ ఆస్పత్రులు చూశాయి. 2022లో నల్లగొండ జిల్లాకు చెందిన 56 ఏళ్ల వ్యక్తి ఎడమ కిడ్నీ నుంచి గంట సేపట్లో 206 రాళ్లు తీశారు. ఆరు నెలలకు పైగా ఆయన స్థానికంగా ఇచ్చిన మందులతో తాత్కాలిక ఉపశమనం పొందుతూ వచ్చాడు. 2024లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రాలజీ అండ్ యూరాలజీలో 60 ఏళ్ల రోగికి 418 రాళ్లు తీశారు. పేపర్లు 418ని పెద్దక్షరాల్లో వేశాయి. అప్పటికి ఆ రోగి కిడ్నీ పనితీరు 27 శాతమే. గుర్తుంచుకోవాల్సిన అంకె అది.

ఇక అక్కడా, ఇక్కడా అన్న ప్రశ్న. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో చాలామంది వైద్యానికి ఇంటికే రావాలనుకుంటారు. డాక్టరుతో మన భాషలో చెప్పుకోవచ్చు, మంచం పక్కన మనవాళ్లుంటారు. ఆ కోరికలో తప్పు లేదు. కిడ్నీలో కదలకుండా ఉన్న రాయి, వాపు లేదు, జ్వరం లేదు అంటే డాక్టరును అడిగి సెలవు దాకా ఆగవచ్చు కూడా. మీ ఆయన సంగతి అది కాదు. మొదటి వైద్యం రియాద్‌లోనే జరగాలి. సౌదీ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ తన కార్మికుడికి ఆరోగ్య బీమా చేయించి తీరాలి. ఆ బీమా కార్డు కంపెనీ దయ కాదు, ఆయన హక్కు. కంపెనీ అడ్డం చెబితే రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి గానీ, విదేశాంగ శాఖ వారి ‘మదద్’ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఇంటి నుంచి మీరు కూడా చేయవచ్చు.

కంపెనీ ఇంటికి పంపుతుందన్న భయం ఉత్తదని ఎవరూ అనలేరు. అప్పు నెత్తిన ఉన్నవాడికి ఆ భయం రాయి కంటే బరువు. కానీ ఒక కిడ్నీ పాడైనవాడు ఎండలో ఎన్నేళ్లు సిమెంటు మోయగలడు? ఇప్పుడు వైద్యం చేయించుకుంటే కొన్ని రోజుల విశ్రాంతితో మళ్లీ పనికి పోవచ్చు. ఆపరేషన్ అనగానే మన పెద్దవాళ్లకు పక్కటెముకల కింద పెద్ద కోత గుర్తొస్తుంది. 1980లో మ్యూనిక్‌లో బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టిన నాటి నుంచి ఆ కాలం వెనకబడిపోయింది. నాళంలో ఇరుక్కున్న రాయిని ఇప్పుడు మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తో పొడి చేస్తారు. ఒంటి మీద గాటు కూడా పడదు.

అక్కడ రాయి తీయడం కుదరకపోతే, కనీసం మూత్రం దిగడానికి నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేయించుకుని రావచ్చు. ఒక్క జాగ్రత్త. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా విమానం సంగతి మరిచిపోయి అదే రోజు ఆస్పత్రిలో చేరాలి. అడ్డం పడిన కిడ్నీకి ఇన్ఫెక్షన్ తోడైతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడికి వస్తే ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. కిడ్నీ రాళ్ల చికిత్సలు అందులో ఉన్నాయి. మీ రేషన్ కార్డులో ఆయన పేరు ఇంకా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఏళ్ల తరబడి ఊళ్లో లేనివాళ్ల పేర్లు గల్లంతవుతుంటాయి. వివరాలకు 104కు ఫోన్ చేయండి. ముందు నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో చూపించండి, అక్కడ కాకపోతే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి.

స్టెంట్ వేస్తే దాన్ని తీయించే తేదీ గోడ క్యాలెండర్ మీద మీరే రాసి పెట్టుకోండి. నొప్పి లేదని దాన్ని లోపలే ఉంచుకుని మళ్లీ పనికి పోతే దాని మీదే రాళ్లు పేరుకుంటాయి. మామూలుగా మూడు నెలలు దాటనివ్వరు.

మీ అత్తమ్మ ప్రేమకు దండం. ఉలవచారు తిండిగా మంచిదే, తినొచ్చు. కానీ 11 మిల్లీమీటర్ల రాయిని అది బయటికి తేలేదు. తనంతట తాను పడిపోయేవి ఎక్కువగా 5 మిల్లీమీటర్ల లోపువే. కొండపిండి కషాయం డాక్టరుకు చెప్పకుండా తాగొద్దు.

రాయి తీశాక దాన్ని పారేయకుండా పరీక్షకు పంపమని అడగాలి. ఏ రకం రాయో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేన్ని నీళ్లు తాగాలి. రియాద్ ఎండలో చెమటకే లీటర్లు పోతాయి గనుక అక్కడ తాగాల్సింది చాలా ఎక్కువ. దాహానికి తీపి కూల్‌డ్రింకులు వద్దు, ఉప్పు తగ్గించాలి, నిమ్మరసం మంచిది. రాయి కాల్షియందని పాలు, పెరుగు మానేయకూడదు. మానితే రాళ్లు పెరగొచ్చు కూడా. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషేధం. ఆ మూడు గంటలు ఆయన నీడలోనే ఉండాలి.

ఈ రాత్రి ఫోన్‌లో మాట్లాడినప్పుడు స్కాన్ కాగితం, బీమా కార్డు, ఇఖామా (సౌదీ నివాస అనుమతి కార్డు) తీసుకుని రేపే యూరాలజీ డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పండి.