లెక్చరర్ వద్దంటే భయం అనుకోవాలా?

కాలేజీలో కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా కొంతమంది సార్లు, మేడమ్‌లు దాని జోలికి పోరు. "వాళ్లకి టెక్నాలజీ అంటే భయం రా" అని మనం నవ్వుకుంటాం. నేనూ నవ్వేవాణ్ణే. శాన్ హోసే కథ చదివాక మానేశాను.

శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ సిలికాన్ వ్యాలీలో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ. 2012లో అక్కడ ఒక ఎలక్ట్రికల్ క్లాసులో ఎంఐటీ వాళ్ల సర్క్యూట్స్ కోర్సు వాడి చూశారు. స్టూడెంట్స్ వీడియోలు ముందే చూసి రావాలి, క్లాసులో తమ ప్రొఫెసర్ దగ్గర ప్రాబ్లమ్స్ చేయాలి. పాసైనవాళ్లు బాగా పెరిగారు.

దాంతో పైవాళ్లకి ఉత్సాహం వచ్చింది. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ చెప్పిన 'జస్టిస్' ఆన్‌లైన్ కోర్సు వాడమని ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌ని అడిగారు. వాళ్లు కుదరదన్నారు. 2013 ఏప్రిల్‌లో శాండెల్‌కే బహిరంగ లేఖ రాశారు. డబ్బున్న యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ ఎదురుగా ఉంటారు, మిగతా చోట్ల ఆయన వీడియో మాత్రమే ఉంటుంది, చదువు ఇలా రెండు రకాలైపోతుందని వాళ్ల బాధ. తన వీడియోలతో తోటి అధ్యాపకులకి నష్టం జరగడం తనకీ ఇష్టం లేదని శాండెల్ జవాబిచ్చారు. అదే ఏడాది ఆ యూనివర్సిటీ యుడాసిటీతో కలిసి పెట్టిన కోర్సుల్లో చాలామంది ఫెయిలయ్యారు. జూలైలో ఆ ప్రయోగానికి బ్రేక్ వేశారు.

ఇప్పుడు ఎంఐటీని చూడండి. తన పాఠాలు దాదాపు అన్నీ ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది. ఆ ఆలోచన అధ్యాపకులున్న కమిటీ నుంచే వచ్చింది. ప్రెసిడెంట్ చార్లెస్ వెస్ట్ దానికి అండగా నిలబడ్డారు. పాఠం ఇవ్వాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లకి వదిలేశారు.

ఒక టెక్నాలజీని మనిషి ఒప్పుకోవాలంటే అది ఉపయోగపడుతుందనీ, వాడటం తేలికనీ అనిపించాలని ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పారు. ఫిలాసఫీ వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు: ఇది మా స్టూడెంట్స్‌కి మంచిదా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన అధికారినే అధ్యాపకులు నమ్ముతారని నాకనిపిస్తుంది.

ఇది చదివాక మా ల్యాబ్ మేడమ్‌ని అడిగాను, అటెండెన్స్ యాప్ మీకెందుకు నచ్చదని. "మొదటి పది నిమిషాలు ఫోన్ చూడ్డానికే సరిపోతాయి బాబూ, మీ మొహాలు ఎప్పుడు చూడను?" అన్నారు.

ఇది భయం కాదు, బగ్ రిపోర్ట్. రేపు ఇలాంటి యాప్‌లు రాసేది మనమే. ముందు వాళ్లని అడిగి రాద్దాం.