దీపం నుంచి దీపం



మన ఊళ్లో పొదుపు సంఘం ఉంది. దానికో లీడరు ఉంది. పంచాయతీలో ఆడ వార్డు మెంబర్లు ఉన్నారు. కొన్ని ఊళ్లలో సర్పంచి కూడా ఆడమనిషే.

ఒక ఆడమనిషి పైకి వచ్చింది. సంతోషమే. మరి ఆమె వెనక ఎంతమంది పైకి వచ్చారు? ఈ పాఠంలో ఆ సంగతి చదువుదాం. ముందు ఒక పెద్దావిడ కథ తెలుసుకుందాం.

దుర్గాబాయి కథ

ఆమె పేరు దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేసింది. ఆ రోజుల్లో అలా చెప్పడం మాటలు కాదు.

దుర్గకు హిందీ వచ్చు. తనకు వచ్చింది తనతోనే ఉంచుకోలేదు. చిన్న వయసులోనే ఆడపిల్లల కోసం హిందీ బడి పెట్టింది. ఆ బడిలో చదువుకున్నవాళ్లలో కన్నతల్లి కూడా ఉంది! కూతురు పంతులమ్మ, తల్లి విద్యార్థి. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు కదా.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి గారు అందులో చేరి జైలుకు వెళ్లారు. జైల్లో చాలామంది ఆడ ఖైదీలను చూశారు. వాళ్లకు చదువు లేదు. చట్టం తెలియదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. వాళ్లను చూసి ఆమె మనసు కరిగింది. వాళ్లకు సాయపడాలంటే తాను లా చదవాలి అనుకున్నారు.

కానీ అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. బయటికి వచ్చాక మొదటినుంచి మొదలుపెట్టారు. బెనారస్ మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఆడవాళ్లకు హాస్టలు లేదు. హాస్టలు లేదు కాబట్టి సీటు కష్టం అన్నారు.

ఆమె ఏం చేశారో చూడండి. తన ఒక్కదానికీ ఒక గది వెతుక్కుని ఊరుకోలేదు. పేపర్లో ప్రకటన వేయించారు. "హాస్టలు లేక చదువు మానుకున్న అమ్మాయిలు నాకు రాయండి" అని దాని సారాంశం. కొందరు అమ్మాయిలు రాశారు. అందరూ కలిసి హాస్టలు పెట్టుకున్నారు. ఒకరి చదువు కోసం తెరిచిన తలుపులోంచి పదిమంది లోపలికి వచ్చారు.

ఆ తర్వాత మద్రాసులో లా చదివి వకీలు అయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. పరీక్షకు కట్టే ఆడపిల్లలకు అక్కడ పాఠాలు చెప్పించారు. 1946లో మన రాజ్యాంగం రాసే సభలో ఆమె సభ్యురాలు అయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు అయ్యారు.

అంత పెద్ద కుర్చీలో కూర్చున్నాక కూడా వెనకటి రోజులు మరవలేదు. 1958లో ఆ బోర్డు ఒక కొత్త చదువు మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడి మానేసిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో పాఠాలు చెప్పి పరీక్ష రాయించే చదువు అది. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు అందులో చేరారు. పాసైనవాళ్లకు గ్రామసేవికగా, నర్సుగా, టీచరుగా పని దొరికే దారి ఏర్పడింది.

1981లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు కన్నుమూశారు.

మన సంఘంలో మాట

ఒక సంఘం ఉందనుకోండి. లీడరుకే లెక్కలు తెలుసు. బ్యాంకుకు ఆమే వెళ్తుంది. తీర్మానాల పుస్తకం ఆమె ఇంట్లోనే ఉంటుంది. మిగతావాళ్లు చూపించిన చోట సంతకం పెడతారు.

ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. ఆ వారమే ఒక చెల్లెలికి అప్పు కావాలి, పిల్లాడి ఫీజు కట్టాలి. బ్యాంకులో ఏ కాగితం ఇవ్వాలో ఎవరికీ తెలియదు. పని ఆగిపోయింది. లెక్కలో తప్పు వచ్చినా పట్టుకునేవాళ్లు లేరు. చివరికి అనుమానం వస్తుంది. అనుమానంతో సంఘం చీలిపోతుంది.

కొందరు లీడర్లకు లోపల ఒక భయం ఉంటుంది. "అందరికీ నేర్పితే ఇక నా మాట ఎవరు వింటారు?" అని. ఆ భయం సహజమే. కానీ ఆలోచించండి. దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపం ఆరిపోదు. పదిమందికి లెక్క తెలిసిన సంఘంలో లీడరు మీద నింద పడదు. ఆమె బరువూ తగ్గుతుంది.

1993లో పంచాయతీలలో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు ఇస్తూ చట్టం అమలులోకి వచ్చింది. ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది సగం. అయినా కొన్నిచోట్ల పదవి భార్యది, పెత్తనం భర్తది. ఆమె ఒంటరిగా ఉంటే ఎదురు చెప్పలేదు. గ్రామసభకు ఇరవైమంది ఆడవాళ్లు వెళ్లి ముందు వరుసలో కూర్చుంటే ఆమెకు గొంతు వస్తుంది. "సర్పంచమ్మా, బోరు సంగతి నువ్వే చెప్పు" అని మనమే అడగాలి.

మనం చేయగల పనులు

1. బ్యాంకుకు లీడరుతో పాటు ప్రతిసారీ ఒక కొత్త సభ్యురాలు వెళ్లాలి.
2. మీటింగులో పాసుబుక్కు, తీర్మానం పైకి చదవాలి. చదివేవాళ్లు వంతులవారీగా మారాలి.
3. చదవకుండా ఎక్కడా సంతకం పెట్టకూడదు.
4. రెండేళ్లకోసారి లీడరును మార్చుకోవాలి. పాత లీడరు పక్కన కూర్చుని నేర్పాలి.
5. ట్రైనింగుకు వెళ్లే చెల్లెలి పిల్లలను ఆ పూట పక్కింటి అక్క చూడాలి.

కొత్త మాటలు

ప్రకటన, తీర్మానం, రాజ్యాంగం, గ్రామసభ, సభ్యురాలు

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. హాస్టలు లేదని చెప్పినప్పుడు దుర్గాబాయి గారు ఏం చేశారు?
2. మీ సంఘంలో బ్యాంకు పని ఎంతమందికి తెలుసు?
3. మీకు వచ్చిన పని ఏదో ఒకటి రాయండి. దాన్ని ఈ నెలలో ఎవరికి నేర్పుతారో ఆమె పేరు పక్కన రాయండి.